పడనందుకు మెమో

గుర్రం మీంచి పడనందుకు నాకు మెమో వచ్చింది.

"శిక్షణార్థి కుమారి ఎస్. ఇందుమతి, శిక్షణ ఆరంభమైన నాటి నుండి నేటి వరకు ఒక్క పర్యాయమైనను అశ్వము నుండి పతనము చెందియుండలేదు. ఇది శిక్షణ పట్ల ఆమెకు గల ఉదాసీనతను సూచించుచున్నది. ఆమెపై చర్య ఏల తీసుకొనరాదో తెలుపుతూ సంజాయిషీ సమర్పించవలసినది." కింద ఆకుపచ్చ సిరాతో సంతకం. చదవగానే నాకు ఒళ్ళు మండింది. బుద్ధిగా జీను మీద కూర్చున్నందుకు మనిషిని తిట్టే చోటు ఈ భూమ్మీద మాదొక్కటే అయి ఉంటుంది.

మాది మారుమూల సేవల శాఖ. కొండల మీద రోడ్డు లేని ఊళ్ళు చాలా ఉన్నాయని శాఖవారికి ఒక సర్వేలో తెలిసింది. ఆ ఊళ్ళవాళ్ళకి ముందే తెలుసు గానీ, వాళ్ళు సర్వే చేయలేదు కాబట్టి అది లెక్కలోకి రాదు. రోడ్డు లేని ఊరికి రోడ్డు వేస్తే సరిపోతుందని ఎవరో చిన్న గుమస్తా ఫైల్లో రాశాడట. ప్రభుత్వోద్యోగి అంత సంకుచితంగా ఆలోచించకూడదని అతన్ని మందలించి, రోడ్డుతో పనిలేని వాహనం ఏదో కనిపెట్టమని కమిటీ వేశారు. కమిటీవారు ఎండాకాలం మొత్తం చల్లటి ఊళ్ళన్నీ తిరిగొచ్చి, అటువంటి వాహనం గుర్రమని తేల్చారు.

అలా పుట్టాయి మా అశ్విక సేవకుల ఉద్యోగాలు. మందులు, పింఛన్లు, రేషను కార్డులు సంచిలో వేసుకుని గుర్రం మీద కొండెక్కి పంచిపెట్టాలి. శిక్షణ పూర్తయినట్టు సర్టిఫికెట్ వస్తే ఉద్యోగం పర్మనెంటు. రాకపోతే ఇంటికి. నా మట్టుకు నాకు ఇంటికి పోయే దారి లేదు. అంతకుముందు అనకాపల్లిలో ఒక ప్రైవేటు బళ్ళో లెక్కలు చెప్పేదాన్ని. జీతం అడిగినప్పుడల్లా ఆ బడి యజమాని సేవాభావం గురించి మాట్లాడేవాడు. ఈ ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజున రాజీనామా ఆయన బల్ల మీద పెట్టి, పెట్టినదాన్ని ఊరుకోకుండా నాలుగు మాటలు కూడా అనేసి వచ్చాను. ఆ నాలుగు మాటలూ వెనక్కి తీసుకునేవి కావు.

ఇక పతనం సంగతి. శిక్షణ కేంద్రం ప్రారంభోత్సవానికి డైరెక్టరు గారు వచ్చి, కుర్రాళ్ళకి హుషారు పుట్టించాలని మైకు ముందు ఊగిపోతూ, "పడాలి! పడ్డవాడే రౌతు! చిన్నప్పుడు నేను సైకిలు మీంచి పడ్డాను కాబట్టే ఈనాడు డైరెక్టర్నయ్యాను" అన్నారు. మేమంతా చప్పట్లు కొట్టాం. కొట్టకుండా ఉండాల్సింది. ఆ మాటని సూపరింటెండెంటు మినిట్స్‌లో రాసుకున్నాడు. మినిట్స్‌లోంచి అది మార్గదర్శకాల్లోకి, అక్కణ్ణించి నిబంధనల్లోకి ప్రమోషన్ మీద ప్రమోషన్ కొట్టుకుంటూ పోయింది. చివరికి "పతనము లేని శిక్షణ, శిక్షణగా పరిగణింపబడదు" అని తయారై డైరెక్టరు గారి బల్ల మీదికే వచ్చింది. అన్నది తానేనని ఆయనకి గుర్తులేదు. "ఎవరో గానీ లోతుగా ఆలోచించారయ్యా" అని మెచ్చుకుని సంతకం పెట్టారు.

అదే మేడ మీద పక్కగదిలో కొనుగోళ్ళ విభాగం ఉంది. ఈ నిబంధన సంగతి వాళ్ళకి తెలీదు. మధ్యలో గోడ ఉంది మరి. శిక్షణకి గుర్రాన్ని కుదర్చడానికి వాళ్ళు పిలిచిన టెండర్లో "ప్రమాదరహిత చరిత్ర గల అశ్వము" కావాలని రాశారు. జిల్లా మొత్తం మీద ఆ షరతుకి నిలిచిన గుర్రం ఒక్కటే. దాని పేరు మల్లి. తెల్లటి ఆడగుర్రం, పెళ్ళి ఊరేగింపులకి తిప్పేది. యజమాని దాలయ్య, మెడలో ఎర్ర తువ్వాలుతో, ఎప్పుడు చూసినా పెళ్ళివారింటికి బయల్దేరినట్టుండే మనిషి.

గుర్రమెక్కే పెళ్ళికొడుకుల్లో చాలామంది గుర్రాన్ని అంత దగ్గరగా చూడటం అదే మొదలు. తలపాగా కళ్ళ మీదికి జారుతుంటుంది, చేతిలో కత్తి, ఒళ్ళో తోడిపెళ్ళికొడుకు, ముందు స్నేహితుల డాన్సు, చెవి పక్కన బాంబులు. అంతటి గందరగోళంలో పెళ్ళికొడుకు కింద పడ్డాడంటే అపశకునమని అటూ ఇటూ పెద్దలు పీటలు ఎత్తేస్తారు. అందుకని దాలయ్య మల్లికి పిల్లగా ఉన్నప్పట్నించీ ఒకే ఒక్క విద్య నేర్పాడు. జీను మీద బియ్యం బస్తా వదులుగా పెట్టి ఊరంతా తిప్పేవాడు. బస్తా ఎటు ఒరిగితే మల్లి అటు అడుగేసేది. పెద్దదయ్యేసరికి బస్తా ఒరగాలని అనుకునే లోపే అటు జరిగేది.

ఇలాంటి గుర్రం మీంచి నేను పడాలి.

నాతోపాటు శిక్షణలో ఉన్న ఒకే ఒక్కడు, వంతల మత్స్యరాజుది ఇంకో రకం తిప్పలు. అతనిది పనసలొద్ది, కొండ మీద రోడ్డు లేని ఊరే. నడక రాకముందే గుర్రమెక్కినవాడు. మల్లి కాదు గదా ఏ గుర్రమూ అతన్ని పడెయ్యలేదు. అతనికీ మెమో వచ్చింది. ఇద్దరం కలిసి కోర్సు అధికారి భుజంగరావు గారి గదిలోకి వెళ్ళాం. ఆయన ఎప్పుడు మాట్లాడినా ఎదురుగా ఒక సభ ఉన్నట్టే మాట్లాడతారు.

"సార్, సిన్నప్పుడు శానాసార్లు పడ్డాను. ఇదిగో, ఈ మోసేతి మీద మచ్చ అప్పటిదే" అని మత్స్యరాజు చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

భుజంగరావు గారు కళ్ళజోడు సర్దుకుని మచ్చని పరీక్షగా చూశారు. "మంచి పతనమే. కాదనను. కానీ సర్వీసులో చేరకముందు సంభవించిన పతనములు పరిగణనలోకి రావు నాయనా. మీ ప్రాంతం వారికి వయసులో సడలింపు ఉంది. పతనంలో లేదు."

"మరి నేను మొన్న హాస్టలు మెట్ల మీంచి పడ్డాను కదండీ, నడుం ఇంకా నొప్పిగానే ఉంది" అన్నాను.

"అది అశ్వేతర పతనం అమ్మా. సానుభూతికి అర్హం, సర్టిఫికెట్‌కి కాదు. మీరిద్దరూ స్వేచ్ఛగా, నిర్భయంగా, నియమానుసారం పడండి. శాఖ మీ వెనకాల ఉంటుంది."

నిజంగానే మర్నాటి నుంచి శాఖ మా వెనకాలే ఉంది. పతన నిర్ధారణాధికారి అని కొత్తగా ఒక పోస్టు సృష్టించి, సర్వే శాఖలో రిటైరైన పేర్రాజు గారిని వేశారు. పడేది నేల మీద కాబట్టి నేల తెలిసిన మనిషి ఉండాలన్నారు. ఆయన ఒక చేతిలో కొలిచే టేపు, మెడలో విజిలుతో గుర్రం వెనక నడిచేవారు. పతనం ఆకస్మికంగా జరగాలి, ముందే అనుకుని పడితే చెల్లదు. అయితే ఆయన హాజరు ఉండాలి గనక పడే సంగతి ముందు రోజే లిఖితపూర్వకంగా తెలియజేయాలి. "రేపు ఉదయం పదింటికి నేను ఆకస్మికంగా పడబోవుచున్నాను" అని రాసిచ్చాను. రసీదు కూడా ఇచ్చారు.

మర్నాడు పదింటికి కళ్ళెం వదిలేసి, కళ్ళు మూసుకుని, నూకాలమ్మని తలుచుకుని ఎడమ పక్కకి ఒరిగిపోయాను. మల్లి ఎడమకి జరిగింది. కుడికి ఒరిగాను. కుడికి జరిగింది. వెనక్కి వాలిపోతే ముందుకాళ్ళు వంచి నన్ను మళ్ళీ నడిమధ్యకి తెచ్చి కూర్చోబెట్టింది. కళ్ళు తెరిచేసరికి మైదానం అవతలి గట్టు మీద ఉన్నాం. పేర్రాజు గారు విజిలు నోట్లో పెట్టుకునే ఉన్నారు పాపం, ఊదే అవకాశం రాలేదు.

మత్స్యరాజు అంత ఓపిక పట్టలేదు. నడుస్తున్న గుర్రం మీంచి అమాంతం దూకేశాడు. పేర్రాజు గారు ఉత్సాహంగా పరిగెత్తుకొచ్చి, నేల మీద గుర్తులు చూసి, టేపు మళ్ళీ చుట్టేశారు.

"ముందు తాకినది పాదం. పాదము భూమిని తాకిన యెడల అది దిగుట. పాదము కాక వేరే ఏ శరీరభాగము తాకినా పతనం. నువ్వు దిగావు బాబూ."

"దూకేను కదండి!"

"దూకుటకు కాలమ్ లేదు."

ప్రతి రాత్రీ అమ్మ ఫోన్ చేసేది. "పడ్డావా అమ్మా?" అని మొదటి ప్రశ్న. ఇంకా లేదనేసరికి అవతల నిట్టూర్పు. "ఏం జాతకమో మనది. మీ పిన్ని కూతురు ఊరికే స్కూటీ మీంచి ఎన్నిసార్లు పడిందో! దానికి అక్కర్లేదు, అయినా పడుతుంది. నువ్వు ఆ అన్నం సరిగ్గా తినకు, కొంచెం నీరసంగా ఉంటే పడతావేమో. నువ్వు పడితే నూకాలమ్మకి చీర పెడతానని మొక్కుకున్నాను." కన్నతల్లి నోటి వెంట ఇలాంటి మాటలు రప్పించిన శాఖ మీద నాకు నిజంగానే కోపం వచ్చింది. ఫోన్ పెట్టేశాక ఏడుపు కూడా వచ్చింది. ప్రైవేటు బడి యజమాని మొహం కళ్ళ ముందు కనపడింది, నవ్వుతూ.

చివరికి దాలయ్యని బతిమాలుకున్నాను. "దాలయ్య గారూ, ఒక్కసారి, ఒకే ఒక్కసారి నన్ను కింద పడెయ్యమని చెప్పండి. మీ మాట వింటుంది కదా."

ఆయన మల్లికి మేత వేస్తున్నవాడల్లా గడ్డి మోపు కింద పెట్టి దండం పెట్టాడు. "అమ్మా, తమరు ఏటడుగుతున్నారో తమరికి తెలుస్తందా? మల్లి మీంచి మనిషి పడ్డాడంటే తెల్లారేతలికి ఆ మాట సోడవరం, మాడుగుల దాటి ఎల్లిపోద్ది. వొచ్చేది మాఘమాసం. ఒక్క పెళ్ళోళ్ళు నా గుమ్మం తొక్కుతారా? నా పొట్ట మీద కొట్టకండమ్మా. ఈ మల్లికి మాట పడటం తెల్దు."

"మీ పొట్ట నిండాలంటే నేను పడకూడదు. నా పొట్ట నిండాలంటే నేను పడాలి. ఏం చేద్దామంటారు?"

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "టీ తాగుదారండమ్మా" అన్నాడు. తాగాం.

గుర్రం సహకరించడం లేదని భుజంగరావు గారు పైకి రాశారు. పైనుంచి గుర్రానికి మెమో వచ్చింది, యజమాని ద్వారా అందజేయమని. దాలయ్య దాన్ని భక్తిగా మడిచి తువ్వాల్లో కట్టుకున్నాడు. మెమోతో కూడా పని జరగకపోయేసరికి, జీనుకి ఆముదం పూసి జారేలా చేయాలని ఉత్తర్వు వచ్చింది. "జారుడు ద్రవ్యము" పేరుతో కొటేషన్లు పిలిచారు. అందరికంటే తక్కువకి ఇస్తానన్నవాడు పంపిన ఆముదంలో ఆముదం తప్ప అన్నీ ఉన్నాయి. అది పూసిన జీను మీద నన్ను కూర్చోబెట్టి, అది తోలుకి బాగా పట్టాలని ఎండలో మైదానం చుట్టూ తిప్పారు. మధ్యాహ్నానికి నేను జీనుకి అతుక్కుపోయాను. దిగుదామన్నా రాలేదు. వేడినీళ్ళు పోసి విడదీశారు. "శిక్షణార్థి అశ్వమును విడుచుటకు నిరాకరించెను" అని పేర్రాజు గారు రాసుకున్నారు.

ఈలోగా గడువు దగ్గరపడింది. ఫలానా సోమవారం నాటికి పతనం నమోదు కానివారిని ఉద్యోగం నుంచి తప్పించాలని ఉత్తర్వు. ఆ సోమవారమే డైరెక్టరు గారు స్వయంగా తనిఖీకి వస్తున్నారు. స్వాగతానికి భుజంగరావు గారు బ్యాండు మేళం పిలిపించారు. బాజాలకి గుర్రం బెదిరితే మాకూ పని జరుగుతుందని ఆయన దూరాలోచన. మల్లిని బాజాలతో బెదిరించడమంటే చేపని నీళ్ళతో బెదిరించడమే గానీ, ఆ మాట ఆయనతో ఎవరంటారు?

డైరెక్టరు గారు దిగగానే మెడలో గజమాల వేశారు, తలకి జరీ పాగా చుట్టారు. ఆయన కుర్చీలో కూర్చున్నారు. బ్యాండు మొదలైంది. అదే సమయంలో అమ్మ ఫోన్ చేసి, "ఏవిటే ఆ బాజాలు? మాకు చెప్పకుండానే..." అని గొల్లుమంది. తర్వాత చెప్తానని కట్ చేసి గుర్రమెక్కాను. మల్లి నన్ను మోసుకుని తాళానికి తగ్గట్టు అటో అడుగు ఇటో అడుగు వేస్తూ మైదానం చుట్టూ ముచ్చటగా తిరిగొచ్చింది. తలమీద నిండు బిందె పెట్టుకుని కూర్చున్నా ఒక్క చుక్క ఒలికేది కాదు. నా తర్వాత మత్స్యరాజు. అదే తంతు. పేర్రాజు గారు కొలవడానికి ఏమీ లేక విజిలు తుడుచుకుంటున్నారు. నా ఉద్యోగానికి ఇంక గంటసేపే ఆయుష్షని అర్థమైపోయింది.

డైరెక్టరు గారికి చిరాకొచ్చింది. "పడటమేమన్నా బ్రహ్మవిద్యా? సంకల్పం ఉండాలి గానీ! ఈ తరానికి పడటం కూడా ఒకరు నేర్పాలి. గుర్రాన్ని ఇలా తీసుకురండి" అని లేచారు. స్టూలు వేసి నలుగురు పట్టుకుని ఎక్కించారు.

మెడలో దండ. తలకి పాగా. ఎదురుగా బ్యాండు. మల్లి తల తిప్పి ఒకసారి ఆయన్ని చూసుకుంది. ఇన్నాళ్ళకి తనకి తగిన పని దొరికింది. ఎవరూ అదిలించకుండానే గేటు దాటి ఊళ్ళోకి బయల్దేరింది.

"ఆపండి! మేళం ఆపండి!" అని భుజంగరావు గారు అరిచారు. పెళ్ళికొడుకుని మండపం చేర్చకుండా బాజా ఆపితే అరిష్టమని మేళగాళ్ళ పట్టుదల. వాళ్ళు ఇంకా జోరు పెంచారు. మా శాఖ మొత్తం ఫైళ్ళు చంకన పెట్టుకుని గుర్రం వెనక పరుగు. బజారు మొదలయ్యేసరికి ఎవరో కుర్రాళ్ళు ముందు చేరి డాన్సు ఎత్తుకున్నారు. డైరెక్టరు గారు పట్టుదల మనిషి, మధ్యమధ్య పడి చూపించాలని ఎడమకి ఒరుగుతున్నారు, కుడికి ఒరుగుతున్నారు. మల్లి ఎడమకి, కుడికి. ఆయనతోపాటు వీధి వీధంతా అటూ ఇటూ ఊగుతోంది. "ముసలాయన భలే ఊపు మీదున్నాడర్రా!" అని కిళ్ళీకొట్టు దగ్గర ఎవరో ఈల వేశారు.

మల్లి తిన్నగా తన జీవితంలో ఎక్కువసార్లు వెళ్ళిన చోటికే వెళ్ళింది. బస్టాండు వెనక కళ్యాణ మండపం. మాఘం అప్పుడే మొదలైంది, ఆ రోజు అక్కడ నిజంగానే పెళ్ళి ఉంది. బాజాలు వినగానే ఆడపెళ్ళివారు హారతి పళ్ళెంతో గబగబా బయటికొచ్చారు. పెళ్ళికూతురి పిన్ని పళ్ళెం ఎత్తబోయి ఆగిపోయింది. "ఓలమ్మో, ఫొటోలో కుర్రోడిలా ఉన్నాడు కదే!" అంది.

ఊరేగింపు గుర్రానికి ఇక్కడ ఒక పద్ధతుంది. మండపం దగ్గర బావమరిది వచ్చి పెళ్ళికొడుకు చెయ్యి పట్టుకోవాలి. అప్పటిదాకా గుర్రం పూచీ. పట్టుకున్నాక బావమరిది పూచీ. ఈ సంగతి తెలీని భుజంగరావు గారు వగరుస్తూ వచ్చి, "సార్, చెయ్యి ఇవ్వండి సార్" అని డైరెక్టరు గారి చెయ్యి పట్టుకున్నారు. మల్లి తన పని అయిపోయిందనుకుంది. ఒళ్ళు ఒకసారి దులపరించుకుంది.

డైరెక్టరు గారు గజమాలతో సహా వెళ్ళి ముగ్గు మధ్యలో కూర్చున్నారు.

విజిలు మోగింది. అన్నాళ్ళుగా దాచుకున్న ఊపిరంతా పెట్టి ఊదారు పేర్రాజు గారు. టేపు పరిచి, ముగ్గులో పడ్డ ముద్రని కొలిచి, "పాదేతర స్పర్శ! ఆకస్మికం! సంపూర్ణ పతనం! శాఖ చరిత్రలో మొట్టమొదటిది!" అని కేక వేశారు. ఆ వయసులో అంత ఆనందం నేనెవరి మొహంలోనూ చూడలేదు.

బ్యాండు ఆగిపోయింది. డైరెక్టరు గారు కూర్చున్నచోటి నుంచే గంభీరంగా, "నేను పడలేదు. దిగాను" అన్నారు.

"దిగినారు బాబూ, దిగినారు!" దాలయ్య చేతులు జోడించి ముందుకొచ్చాడు. "మా మల్లి మీంచి ఎవురూ పడరు. ఊరంతా సూసింది, బాబుగారు దిగినారు."

"ఎంత హుందాగా దిగారండీ" అన్నారు భుజంగరావు గారు.

"కానీ నిర్వచనం ప్రకారం..." అని పేర్రాజు గారు నసిగారు.

"అయితే నిర్వచనమే దిగాలి" అన్నారు డైరెక్టరు గారు.

ఆడపెళ్ళివారు మంచివాళ్ళు, వచ్చినవాళ్ళు ఎవరైతేనేమని అందరికీ విస్తళ్ళు వేశారు. పులిహోర, గుమ్మడికాయ దప్పళం మధ్య అక్కడే అత్యవసర సమావేశం జరిగింది. అశ్వము మీది వ్యక్తి ఏ శరీరభాగముతో భూమిని తాకినను అది దిగుటయే అని నిర్వచనం సవరించారు. డైరెక్టరు గారు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని మారు వడ్డించుకున్నారు. అప్పుడు పేర్రాజు గారికి అనుమానం వచ్చింది. "మరి పతనం అంటే ఏమిటండీ? నిబంధన అలాగే ఉంది కదా. ఏది తాకినా దిగుటే అయినప్పుడు..."

విస్తళ్ళ మీద చేతులన్నీ ఆగాయి. నిబంధన ఎత్తేద్దామని ఎవరూ అనలేదు. దాని మీద డైరెక్టరు గారి సంతకం ఉంది. చివరికి భుజంగరావు గారు దప్పళం వేళ్ళు నాక్కుంటూ, "దిగుట కానిది పతనం" అన్నారు.

"అంటే?"

"భూమిని తాకితే దిగినట్టు. తాకకుండా గుర్రం మీదే ఉండిపోతే దిగలేదన్నమాట. దిగలేదంటే పడ్డట్టే."

డైరెక్టరు గారు ఆయన వంక ఆప్యాయంగా చూశారు. ఆ లెక్కన నేనూ మత్స్యరాజూ మొదటి రోజు నుంచీ పడుతూనే ఉన్నాం. ఆముదం రోజున నేనైతే మధ్యాహ్నం దాకా ఏకధాటిగా పడ్డాను. సాయంత్రానికి ఇద్దరికీ సర్టిఫికెట్లు చేతికొచ్చాయి. నాది మరీ ప్రత్యేకంగా, "పతనమునందు విశేష ప్రతిభ" అని. అమ్మ నూకాలమ్మకి పట్టుచీర పెట్టింది. దాలయ్య మాఘమాసంలో ఒక్క ముహూర్తం వదల్లేదు.

మమ్మల్ని మత్స్యరాజు సొంతూరు పనసలొద్దికే వేశారు. పోస్టింగు ఇచ్చారు గానీ గుర్రాలివ్వలేదు. గుర్రాల పద్దు బ్యాండుకీ ఆముదానికీ సరిపోయిందట. మత్స్యరాజు నాయనమ్మ చిట్టెమ్మ, మేం వస్తున్నామని తెలిసి, తమ కొండగుర్రాన్ని కిందికి పంపింది. గోధుమరంగు పొట్టి గుర్రం. దానికి పెళ్ళిళ్ళ సంగతులేమీ తెలీవు. ముందు మందుల సంచి పెట్టుకుని నేనెక్కాను. మత్స్యరాజు పక్కన నడిచాడు. కొండ దారి అంతా రాళ్ళు, కింద లోయ. వాగు దగ్గర గుర్రం పాచిరాయి మీద కాలేసింది. నేను సంచితో సహా వాగులో పడ్డాను.

నిజంగా పడ్డాను. మోకాలు చీరుకుపోయింది, మోచెయ్యి వాచింది, మొహం నిండా నీళ్ళు. ముందు నవ్వొచ్చింది. తర్వాత సంచి విప్పి చూశాం. సగం మాత్రలు కరిగిపోయాయి.

ఊళ్ళో జనం మా కోసం ఎదురుచూస్తున్నారు. ఒక బాలింతకి జ్వరం. చిట్టెమ్మ మోకాళ్ళు రెండూ వాచి ఉన్నాయి, ఆమె మాత్రలు కరిగినవాట్లోనే ఉన్నాయి. ఉన్న మందులు బాలింతకిచ్చాం. చిట్టెమ్మ నా మోకాలికి పసుపు రాస్తూ, "గుర్రమెక్కడం నేరిపేదానికి ఇన్నాళ్ళు తీసినారా? ఈలోగా రోడ్డే ఏసేసుందురు కదా" అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రమే శాఖకి రాయడానికి కూర్చున్నాను. దారి ప్రమాదకరంగా ఉంది, గుర్రం మీంచి వాగులో పడ్డాను, మందులు పాడయ్యాయి, తక్షణం రోడ్డు వేయాలి అని.

మత్స్యరాజు నా చెయ్యి ఆపాడు. "మేడమ్, పడ్డానని రాస్తే మళ్ళీ మన సర్టిఫికెట్లు బయటికి తీస్తారు. ఉద్యోగం ఊడిపోద్ది. ఆలోచించండి."

ఆలోచించాను. అనకాపల్లి బడి యజమాని కూడా గుర్తొచ్చాడు. ఎదురుగా చిట్టెమ్మ మోకాళ్ళు పట్టుకుని కూర్చుని ఉంది. పోతే పోనీ అనుకుని, పడ్డాననే రాశాను. ఎక్కడ పడ్డానో, ఎలా పడ్డానో, ఏ ఏ భాగాలు ముందు తాకాయో అన్నీ వివరంగా రాసి సంతకం పెట్టాను. మత్స్యరాజు ఒక్క నిమిషం చూసి, తనూ సాక్షి సంతకం పెట్టాడు.

జవాబు రావడానికి మామూలుగా పట్టేదానికంటే తక్కువ కాలమే పట్టింది. ఉద్యోగం పోలేదు. "మీ నివేదిక ప్రకారము మీరు మోకాలు, మోచేయి, ముఖములతో భూమిని తాకినట్లు తెలియుచున్నది. సవరించిన నిర్వచనము మేరకు ఇది పతనము కాదు, దిగుట. ప్రభుత్వ మందుల సంచితో వాగులో ఏల దిగితిరో సంజాయిషీ ఇవ్వవలసినది. ఇకపోతే, సదరు మార్గములో ఇంతవరకు పతనములేవియు నమోదు కానందున, ఆ మార్గము సురక్షితమనియు, రోడ్డు అనవసరమనియు నిర్ణయించడమైనది."

చుట్టూ చేరిన ఊరివాళ్ళు ఏం రాశారని అడిగారు. ఆ భాషని వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పడం నా వల్ల కాలేదు.

"ఈ దారిన గుర్రం మీద వస్తే ఎవరూ పడరట. రోడ్డు అక్కర్లేదట" అన్నాను.

చిట్టెమ్మ మనవడి వైపు తిరిగి, "అలాగైతే ఆ కాయితం రాసిన పెద్ద బాబునే ఓపాలి రమ్మని రాయరా" అంది. "దిగువకి మన గుర్రాన్నే పంపుదాం."

పిల్లలు అప్పటికే గుర్రాన్ని కడగడానికి వాగుకి తోలుకుపోయారు.